ఓడ తాత ఫార్వర్డ్ కొట్టిన సీను

ఓడ తాత పోయాడని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను స్కూల్లో ఏడో తరగతి నోటుపుస్తకాలు దిద్దుతున్నాను. పొద్దున్న టీ తాగి అరుగు మీద కుర్చీలో కూర్చున్నాడట, మళ్ళీ లేవలేదట. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పడం ఏటే? నేనే ఎల్లి చూసొచ్చేను" అంది అమ్మ.

అమ్మ చూసిందంటే నమ్మాను. ఆయన విషయంలో ఎవరైనా కళ్ళతో చూసి చెప్తే తప్ప నమ్మకూడదని నేను నేర్చుకుని ఆరేళ్ళయింది.

మా వీధివాళ్ళు పదకొండో రోజుకి చిన్న పుస్తకం వేయిస్తున్నారు. అట్ట మీద ఆయన ఫొటో, లోపల నాలుగు పేజీలు. నేను చెప్పేది ఇంగ్లీషే అయినా, టీచరంటే రాయడం వచ్చినట్టేనని ఆ పని నా నెత్తిన పెట్టారు. "పెద్దాయన వీధికెంతో సేసేడమ్మా. నాలుగు మంచి మాటలు రాయి" అన్నారు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలన్న నియమం ఎవరు పెట్టారో గాని, ఉన్నవాళ్ళ నోరు నొక్కడానికి అంతకన్న సులువైన దారి లేదు. దీన్ని పుస్తకంలో వేస్తారో, చింపి పొయ్యిలో పెడతారో నాకు తెలియదు. అడిగారు, రాస్తున్నాను.

మంచి మాటలు ముందే రాసేస్తాను. తర్వాత రాయబుద్ధి కాకపోవచ్చు.

ఆయన పుట్టింది రాజయ్యపేటలో. వాళ్ళ నాన్న తెప్ప మీద చేపల వేటకి వెళ్ళేవాడు. ఈయన ఇంకా పెద్ద నీళ్ళ మీదకి వెళ్ళాడు. ఇరవై ఏళ్ళ పైగా సరుకు ఓడల్లో స్టోర్‌కీపరుగా దేశాలు తిరిగి, మోకాళ్ళు అరిగాక అనకాపల్లి వచ్చి మా ఎదురిల్లు కొనుక్కున్నాడు. వీధి పిల్లలందరికీ ఓడ తాత. ఆయన భార్య మామ్మ. వాళ్ళకి పిల్లలు లేరు. అరుగు గోడకి రెండు గడియారాలుండేవి. ఒకటి మన టైము, రెండోది ఎక్కడో విదేశీ రేవు టైము. మేం స్కూలుకి పరుగెడుతుంటే ఆపి, "అక్కడింకా కోడి కుయ్యనేదర్రా. మీకేటి తొందర?" అనేవాడు. ఇంట్లో కూర్చోడానికి కూడా ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు. పాలు లేని టీలో నిమ్మకాయ పిండి మాకూ తాగించి, మా మొహాలు చూసి పకపకా నవ్వేవాడు.

నాకు అట్లాసు కొనిచ్చింది ఆయనే. ప్రతి రేవు మీదా పెన్సిలుతో చుక్క పెట్టి, అక్కడ ఏం తిన్నాడో చెప్పేవాడు. డిగ్రీ ఇంగ్లీషు మీడియంలో చేరి మొదటి నెల నేను ఏడుస్తూ ఇంటికొస్తుంటే, రోజూ సాయంత్రం కూర్చోబెట్టి పేపరు పైకి చదివించాడు. "బయపడకే గుంటా. ఇంగ్లీషోడు కూడా తప్పులు మాటాడతాడు. నాను సూసేను" అన్నాడు. ఈ రోజు నలభై మంది పిల్లల ముందు గొంతెత్తి నిలబడుతున్నానంటే అందులో ఆయన పాలుంది. ఇది నిజం. నిజం కాబట్టే నాకు ఇంకా మంట.

వీధిలో ఎవరింటికి ఇంగ్లీషు కాగితం వచ్చినా ఆయన దగ్గరకే వెళ్ళేది. మందుసీసా మీది అక్షరాలు, మిక్సీతో వచ్చిన పుస్తకం, కోర్టు నోటీసు, ఏదైనా సరే. కళ్ళజోడు పెట్టుకుని, మొత్తం లోపల్లోపలే చదివి, మడిచి ఒళ్ళో పెట్టుకుని, అప్పుడు చెప్పేవాడు. చదువుతూ చెప్పడం ఎప్పుడూ లేదు. "ముందు నాను తినాల, అరిగించుకోవాల, అప్పుడు మీకు పెట్టాల" అనేవాడు. కాగితంలో ఉన్నదే చెప్తున్నాడా అని ఒక్కరూ అడగలేదు. అడగొచ్చని మాకు తోచలేదు.

ఆయన వీసీడీ ప్లేయరు కొన్నాక ఆదివారం మధ్యాహ్నాలు వీధి ఆడవాళ్ళకి సినిమా మొదలైంది. తెలుగు సినిమా కాదు, అది ఎవరి టీవీలోనైనా వస్తుంది. ఇంగ్లీషు సినిమా. అన్నాలు తిని, అంట్లు తోముకుని, రెండున్నరకల్లా అమ్మ, పక్కింటి పిన్ని, నేను వెళ్ళి చాప మీద కూర్చునేవాళ్ళం. మామ్మ గుమ్మం దగ్గర పీట మీద. ఆయన మాత్రం టీవీ పక్కన కుర్చీ వేసుకుని, తెర వైపు కాకుండా మా వైపు తిరిగి కూర్చునేవాడు. చేతిలో రిమోటు, దానికి ప్లాస్టిక్ కవరు. అక్కడ నాలుగు ముక్కలు మాట్లాడగానే బొమ్మ ఆపి తెలుగులో చెప్పేవాడు. ఆడవాళ్ళ మాట ఆడ గొంతుతో, ముసలాడి మాట దగ్గుతూ. గంటన్నర సినిమా మాకు మూడు గంటలు పట్టేది. చిన్నప్పటి నుంచి విశాఖపట్నం దాటని మా అమ్మ, మంచు పడితే చెప్పులు ఎలా జారతాయో ఆ చాప మీదే నేర్చుకుంది.

ముద్దు సీను ఎక్కడొస్తుందో ఆయనకి ముందే తెలుసు. శనివారం మధ్యాహ్నమే సినిమా మొత్తం ఒక్కసారి చూసుకునేవాడు. "ఆఁ, ఇక్కడేటీ నేదు" అని ఫార్వర్డ్ కొట్టేవాడు. బొమ్మలు గబగబా పరుగెడుతుంటే ఆడవాళ్ళందరూ తలలు దించుకుని కుచ్చిళ్ళు సర్దుకునేవారు. ఆ కాసేపు తెర వైపు చూడకూడదు, అదొక పద్ధతి. ఆయన "ఊఁ" అన్నాక తలలెత్తేవాళ్ళం. పిన్ని ఒక్కర్తే ఓరకంటితో చూసి, "ఏటీ అగుపడ్డం నేదే" అని నా చెవిలో గొణిగేది. మేం నవ్వుకునేవాళ్ళం. ఆ పద్ధతే మా కొంప ముంచింది.

ఇక అసలు సంగతి. మా అక్క పెళ్ళికి మధ్యవర్తి ఓడ తాతే. ఊరికి ఆ చివర ఉండే సంబంధం. బావకి చీడికాడలో ప్రభుత్వ ఉద్యోగమని చెప్పారు. నాన్న బెల్లం మార్కెట్లో గుమస్తా, సీజన్లో సెలవు దొరకదు. "నువ్వు రానక్కర్నేదు, నాను ఎల్లి సూసొత్తాను" అని ఓడ తాత బయల్దేరాడు. సాయంత్రం వచ్చి మా వాకిట్లోనే చెప్పాడు. "కుర్సీ సూసేను. కిటికీ పక్కన. పైళ్ళు ఇంతెత్తున ఉన్నాయి. నాకు టీ తెప్పించేడు. పంచదార ఎక్కువైపోనాది గాని, మర్యాద తెలిసిన కుర్రోడు." ఆ పంచదార మాటకే నాన్న పూర్తిగా నమ్మేశాడు.

పెళ్ళైన దగ్గర నుంచి అక్క రోజూ ఎనిమిదింటికి క్యారేజీ కట్టేది. మూడు గిన్నెల స్టీలు క్యారేజీ, మా ఇంటి నుంచి పట్టుకెళ్ళింది. మధ్య గిన్నెకి సొట్ట. చిన్నప్పుడు నేను మెట్ల మీంచి జారవిడిస్తే పడిన సొట్ట. బావ అది పట్టుకుని బస్సెక్కేవాడు, సాయంత్రం ఆరింటికి దిగేవాడు. అన్నం తింటూ ఆఫీసు కబుర్లు చెప్పేవాడు. పై అధికారి కోపిష్టి అనీ, పక్క కుర్చీ ఆయనకి రెండోసారి కూడా కూతురే పుట్టిందనీ. అక్క ఆ పక్క కుర్చీ ఆయన కూతురికి ఊలు టోపీ కూడా అల్లి పంపింది.

కార్తీకంలో ఒక సోమవారం అక్క వాళ్ళ వీధి ఆడవాళ్ళతో కొండకర్ల వనభోజనాలకి వెళ్ళింది. అక్కడి పెద్ద చెరువు ఆవ గట్టున, దోనెలు కట్టేచోట నలుగురు మగాళ్ళు పేకాడుతున్నారు. అందులో బావ ఉన్నాడు. పక్కన క్యారేజీ విప్పి ఉంది, మధ్య గిన్నెకి సొట్ట ఉంది. అక్కని చూసి ఆయన చూపు తిప్పుకున్నాడు. తాపీగా లేచి, దోనెక్కి తామరాకుల మధ్య నుంచి అవతలి గట్టుకి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఆరింటికి బస్సు దిగి వచ్చి, "ఈ రోజు తనికీ. నడుం పడిపోనాది" అన్నాడు. అక్క అడిగితే పెద్దగా నవ్వాడు.

"నీకు కళ్ళు బాగునేవా, మతి బాగునేదా? నాను పొద్దుట్నుంచి చీడికాడలో ఉన్నాను కదే!"

అక్కడితో ఆగలేదు. మర్నాటి నుంచి ఇంట్లో వస్తువులు చోటు మారడం మొదలైంది. తాళాలు బియ్యం డబ్బాలో దొరికేవి. దువ్వెన దేవుడి గూట్లో ఉండేది. "అమ్మా, నీ కోడల్ని సూడు" అని బావ తల్లిని పిలిచేవాడు. ఆవిడ అక్క నుదుటి మీద చెయ్యి పెట్టి, ఏ గాలి సోకిందోనని తాయెత్తు కట్టించింది. నెల తిరక్కుండానే అక్క మా ఇంటికి వచ్చేసింది. మా ఇంట్లో కూర్చుని రోజూ నన్నొకటే అడిగేది. "అది నువ్వు పడేసిన సొట్టే కదే?" నేను అవుననేదాన్ని. కాని నేను కొండకర్ల వెళ్ళలేదు, చూడలేదు. ఆ సంగతి తనకీ తెలుసు.

నాన్న చీడికాడ వెళ్ళి కనుక్కొస్తానన్నాడు. ఓడ తాత అడ్డం పడ్డాడు. "నా మాట మీద నమ్మకం నేదేటి నీకు? కుర్సీ సూసేనన్నాను. ఇప్పుడు నువ్వెల్లి ఆరా తీత్తే ఆ కుర్రోడి పరువేటవుతాది, నా పరువేటవుతాది?" నాన్న ఆగిపోయాడు. మా నాన్నంటే నాకు ప్రాణం, కాని ఆ ఒక్క ఆగిపోవడాన్ని నేను ఇంకా క్షమించలేదు. అక్క మాత్రం తిరిగి వెళ్ళనని దాదాపు అనేసింది. శనివారం సాయంత్రం కుట్టుమిషను నేర్పేవాళ్ళెవరైనా ఉన్నారా అని పిన్నిని అడిగింది కూడా.

అదే సాయంత్రం ఓడ తాత నన్ను అరుగు మీదకి పిలిచాడు. "రేపు మీ అక్కని కూడా తీసుకురా. మంచి సినిమా తెచ్చేను. ఇంట్లో ముడుసుకు కూకుంటే బుర్ర పాడైపోతాది" అన్నాడు. నాకు ఆయన మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఎంత మంచివాడు, అక్కని తలుచుకున్నాడు అనుకున్నాను.

ఆ సినిమా అట్ట జెరాక్సు కాగితం. టోపీ పెట్టుకున్న ఆడమనిషి, వెనక ఓడ. లోపల రెండు సీడీలు. అసలు కథ నేను తర్వాత చూసి తెలుసుకున్నది చెప్తాను. చాలా పాతకాలం కథ, డొక్కు కార్లు, చుట్టల పొగ. విదేశంలో సముద్రపు ఒడ్డున పెద్ద హోటలు. కొత్తగా పెళ్ళైన జంట వచ్చి దిగుతారు, కూడా మొగుడి స్నేహితుడు. మగాళ్ళిద్దరూ జమీందార్లలా పోజు కొట్టి హోటల్లో వాళ్ళని ముంచుతుంటారు. ఊరు మారినప్పుడల్లా పేరు మారుస్తారు. ఆ పిల్లకి ఇవేమీ తెలియవు. ఒకరోజు మొగుడి పెట్టె అడుగున గుడ్డ చిరిగి రెండు పాస్‌పోర్టులు బయటపడతాయి. ఫొటో ఒకటే, పేర్లు రెండు. అడిగితే, పాస్‌పోర్టులేమిటి, నువ్వే చూసుకో అని పెట్టె తెరిచి చూపిస్తాడు. ఏమీ ఉండవు. ఆ తర్వాత ఆ పిల్ల దువ్వెన పోతుంది, ఉంగరం పోతుంది, రాసుకున్న ఉత్తరం పోతుంది. అన్నీ ఇంకెక్కడో దొరుకుతాయి. నీకు ఒంట్లో బాగులేదని మొగుడు బుజ్జగిస్తుంటాడు.

ఓడ తాత చెప్పిన కథలో ఆ మొగుడు నిజంగానే పెద్దింటివాడు. పాస్‌పోర్టులు వ్యాపారం కాగితాలైపోయాయి. దువ్వెన పోయిన చోట అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చూడవే" అంది. ఓడ తాత బొమ్మ ఆపి, అక్క వైపే తిరిగాడు.

"సూసేవా తల్లీ. తనే ఎక్కడో పెట్టీసింది, మర్సిపోనాది. నేనిపోని అనుమానం మొగుడి మీద. ఆడు పాపం ఏటి సేత్తాడు? నవ్వుతన్నాడు సూడు."

తెర మీద ఆగిపోయిన మొగుడు నిజంగానే నవ్వుతున్నాడు. ఎక్కడ ఆపాలో ముసలాడికి బాగా తెలుసు. అక్క చెయ్యి మెల్లగా సడలింది.

సీడీ మార్చే ముందు మామ్మ టీ ఇచ్చింది. రెండో సీడీలో రేవు దగ్గర ఒక ఆఫీసు గది వచ్చింది. ఆ పిల్ల తలుపు తోసుకుని లోపలికొచ్చింది. "ఆఁ, ఇక్కడేటీ నేదు" అని ఆయన ఫార్వర్డ్ కొట్టాడు. అందరం తలలు దించాం. కొట్టే ముందు ఒక్క క్షణం ఆ పిల్ల గొంతు నా చెవిన పడింది. చూశాను అన్న మాట ఇంగ్లీషులో స్పష్టంగా వినబడింది. తలెత్తాను. పరుగెడుతున్న బొమ్మల్లో ఒక బల్ల, దాని మీద ఏదో పెడుతున్న చెయ్యి కనిపించాయి. ముద్దూ లేదు, మొగుడూ లేడు. అడగబోయాను. నాది పుస్తకాల ఇంగ్లీషు, ఆయనది ఇరవై ఏళ్ళ దేశాల ఇంగ్లీషు. నేనే తప్పు విన్నానేమో అనుకుని మళ్ళీ తల దించుకున్నాను.

ఆఖర్న ఓడ కదులుతుంది. పైన ఆ పిల్ల ఒక్కర్తే నిలబడి ఉంటుంది. కింద ఒడ్డు మీద మొగుడు, అతనికి అటొకరు ఇటొకరు కోట్లేసుకున్న మగాళ్ళు. వాళ్ళు పోలీసులని తర్వాత తెలిసింది.

"ఆళ్ళు డాట్రులు" అన్నాడు ఓడ తాత. "అనుమానంతో పెళ్ళాం పిచ్చిదైపోనాది. మంచి ఆసుపత్రికి అంపుతన్నాడు. నయమైపోయి వచ్చీసి మొగుడి కాళ్ళు పట్టుకుంటాది, అది మరి సూపించనేదు." రిమోటు ఒళ్ళో పెట్టుకున్నాడు. "అనుమానం ఉప్పుగాలి లాంటిదమ్మా. ఓడ ఇనుమునే తినేత్తాది."

అమ్మ కళ్ళు తుడుచుకుంది. మర్నాడు పొద్దున్నే అక్క బట్టలు సర్దుకుంది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడితే తల నిమిరింది. "నాకే ఏదో అయిందే. సొట్ట ఎన్ని క్యారేజీలకి ఉండదు!" అంది.

మూడు నెలల తర్వాత ఒక వీడియో షాపులో ఆ టోపీ బొమ్మ అట్ట కనబడింది. ఒక్క రోజుకి తెచ్చుకుని, స్నేహితురాలింట్లో వేసుకుని చూశాను. ఆ ఆఫీసు గది సీను మూడుసార్లు చూశాను. చూసి తిన్నగా ఆయన అరుగెక్కాను.

"తాతా, ఆ సీనులో ముద్దు లేదు."

"ఉన్నాది."

"నేను మూడుసార్లు చూశాను."

ఆయన రిమోటు కవరు చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. "నీ సీడీ ఏరేది అయ్యుంటాది. ఊరికో రకం కట్ సేత్తారు." నేను కదలకపోయేసరికి గొంతు తగ్గించాడు. "కాపరం నిలబడ్డాది కదే? మరేటి నీ ఏడుపు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నీకు కళ్ళు బాగులేవా అని బావ అక్కని అడిగిన మాటే, కాస్త తియ్యగా నన్ను అడిగాడు. కాని నేను మాత్రం ఏం చేశాను? అక్కకి చెప్దామని రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి అత్తగారు పక్కనుంచి లేవలేదు. రెండోసారి, అత్తారు మతికని చూపించిన విశాఖపట్నం డాక్టరు రాసిన మాత్రలు మింగి అక్క మధ్యాహ్నం పూట నిద్రపోతోంది. మూడోసారి వెళ్ళలేదు. చెప్తే కాపురం కూలిపోతుందని, ఆ పాపం నాకెందుకని భయపడ్డాను. ముసలాడిని తిట్టే హక్కు నాకెంతుందో చదివేవాళ్ళే తేల్చుకోవాలి.

రెండేళ్ళు గడిచాయి. ఆ రెండేళ్ళలో అక్క వెలిగించిన పొయ్యిని కూడా వెనక్కి వెళ్ళి రెండుసార్లు చూసుకునేది. తన పేరు చెప్పడానికి కూడా ఎదుటివాళ్ళ మొహం చూసేది. ఒకరోజు బావ బస్సు అందుకునే హడావుడిలో క్యారేజీ మర్చిపోయాడు. పాపం ఆకలితో ఉంటాడని అక్క దాన్ని పట్టుకుని తనే చీడికాడ బస్సెక్కింది. అనుమానంతో వెళ్ళలేదు, అన్నం ఇవ్వడానికి వెళ్ళింది. అక్కడ ఉన్న ప్రతి ఆఫీసు గుమ్మం ఎక్కి ఆయన పేరు చెప్పి అడిగింది. అలాంటి మనిషి ఎప్పుడూ లేడన్నారు.

మధ్యాహ్నం మూడింటికి మా వీధిలోకి వచ్చింది. అత్తారింటికి వెళ్ళలేదు, మా ఇంట్లోకీ రాలేదు. ఎదురింటి అరుగు ముందు ఆగి క్యారేజీ పైకెత్తింది.

"తాతా, చీడికాడ ఎల్లొచ్చేను. కిటికీ పక్కన కుర్చీ లేదు."

ఆయన అక్క మొహం చూడలేదు. తలెత్తి రెండో గడియారం వైపు చూశాడు, టైము చూసుకుంటున్నట్టు. లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ క్యారేజీ మా ఇంట్లో అమ్మ, అక్క, నేను కూర్చుని తిన్నాం. అన్నం గట్టిపడిపోయింది, వంకాయ కూర మాత్రం బాగుంది. రెండేళ్ళలో అక్క కడుపు నిండా తినడం నేను అప్పుడే చూశాను.

తర్వాత అక్క వెనక్కి వెళ్ళలేదు. మాత్రలు కాలవలో పారేసింది. ఇప్పుడు మార్కెట్ గుమస్తాలకి మధ్యాహ్నం భోజనం వండి క్యారేజీలు పంపుతుంది. ఏ క్యారేజీ ఎవరి కుర్చీ దగ్గరకి వెళ్తుందో మొదటి వారం తనే వెళ్ళి చూసొస్తుంది, అది చూసి గుమస్తాలు నవ్వుకుంటారు. ఓడ తాత ఆదివారం సినిమాలు ఆపేశాడు. ఇంగ్లీషు కాగితాలు చెప్పడం ఆపలేదు. అక్క వీధిలో నడుస్తుంటే పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. తప్పైపోయింది తల్లీ అన్న ఒక్క మాట, రెండడుగుల వీధి దాటి వచ్చి అనలేదు. నాలుగేళ్ళు టైమిచ్చాం.

మొన్న ఫొటో కోసం మామ్మ దగ్గరకి వెళ్తుంటే అక్క కూడా చెప్పులేసుకుంది. నేను ఆశ్చర్యపోయాను. గదిలో ఆయన ఫొటో ముందు దీపం పెట్టి ఉంది. మామ్మ ఇంకో ఫొటో తీసి నాకిచ్చి, అక్క వైపు తిరిగింది. అడక్కుండానే చెప్పింది.

"పెల్లికి ముందర ఆయన చీడికాడ ఎల్లనేదే తల్లీ. మోకాళ్ళు నొప్పని బస్టాండులో టీ తాగి వచ్చీసేడు. పంచదార ఎక్కువైన టీ అదే. నువ్వు పుట్టింటికి వచ్చీసినాక బయమేసినాది. ఆ సినిమా ముందర శుక్కురారం అప్పుడెల్లేడు. అలాటోడెవడూ నేడన్నారట. వచ్చి అన్నం తిన్నేదు. శనివారం ఆ సినిమా ఏసుకున్నాడు. నాకు కతంతా సరిగ్గానే సెప్పేడు. ఆదివారం మీ అందరికీ ఇంకోలాగ సెప్పేడు." పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. "నాను ఆ పీట మీదే ఉన్నాను. నోరెత్తనేదు."

ఇన్నాళ్ళూ నేను ఆయనకొక చిన్న సందు వదిలిపెట్టాను. ఆ సంబంధం మంచిదని నమ్మి, కాపురం నిలబెట్టాలని ఆ పని చేశాడని. ఆ సందు కూడా మూసుకుపోయింది. అక్క చూసింది నిజమని ఆయనకి శుక్రవారమే తెలుసు. ఆదివారం తన మాట నిలబెట్టుకోడానికి అక్కని పిచ్చిదాన్ని చేసి పంపాడు. ఆ మనిషి బతికుంటే బాగుండునని నాకు మొదటిసారి అనిపించింది. ఉంటే ఆ ఇస్త్రీ చొక్కా కాలరు పట్టుకుని అడిగేదాన్ని.

అక్క కోప్పడలేదు. "మామ్మా, ఆ సినిమా ఉందా?" అంది.

ఐదో రోజు, దీపం వెలుగుతున్న ఇల్లు. టీవీ పెడితే వీధి ఏమంటుందోనని నేను కిటికీ వైపు చూశాను. మామ్మ మాత్రం లేచి అలమర వెతికి రెండో సీడీ తెచ్చింది. రిమోటు కూడా తెచ్చింది. ప్లాస్టిక్ కవరు ఇంకా ఉంది. లోపల బొత్తాలన్నిటి మీదా గుర్తులున్నాయి, ఫార్వర్డ్ బొత్తాం మీది గుర్తు మాత్రం అరిగిపోయింది. మామ్మ వెళ్ళి ఆయన కుర్చీలో, మా వైపు తిరిగి కూర్చుంది.

రేవు ఆఫీసు గది వచ్చింది. ఈసారి ఎవరం తల దించలేదు. ఆ పిల్ల నేను చూశానంటూ లోపలికొచ్చి, మొగుడు మాయం చేసిన ఆ రెండు పాస్‌పోర్టులూ సంచిలోంచి తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టింది. బల్ల వెనక ఆఫీసరు ఏదో అడిగాడు. ఇంగ్లీషు ముక్క రాని మామ్మ, ఆరేళ్ళ క్రితం శనివారం విన్న మాటలు ఒక్కటీ పోకుండా చెప్పింది.

"'నీకు ఒంట్లో బాగునేదంట కదా, మీ ఆయన సెప్పేడు' అంటన్నాడు. ఆ పిల్ల అంటాది, 'నాకేటీ అవనేదు. నాను సూసిందే సూసేను.'"

నేను ఇంగ్లీషు టీచర్ని. దిద్దడానికి అందులో ఏమీ లేదు.

అక్క మామ్మ చేతిలోంచి రిమోటు తీసుకుని వెనక్కి తిప్పింది. ఆ పిల్ల మళ్ళీ తలుపు తోసుకుని వచ్చింది, మళ్ళీ పాస్‌పోర్టులు పెట్టింది, మామ్మ మళ్ళీ చెప్పింది. అక్క మళ్ళీ వెనక్కి తిప్పింది. మూడోసారికి మామ్మతో పాటు అక్క పెదవులు కూడా కదిలాయి. నాలుగోసారి మామ్మ ఊరుకుంది, అక్క ఒక్కర్తే పైకి అంది.